కీ, శే

బర్నబా మాస్టారి కంప్యూటరు మాట్లాడతాదంట అన్న కబురు ఒక్క సంత తిరిగేసరికి అరకు అంతా పాకిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లు వచ్చినట్టే ముక్కున వేలేసుకున్నారు. ఒక్క సుజానా మాత్రం దాన్ని చూసిన రోజు నుంచీ ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగింది. అది ఉన్నది ఉన్నట్టు చదువుతుందని విన్నప్పుడే తన బండారం ఏదో ఒకనాడు బయటపడుతుందని ఆ పిల్లకి అర్థమైపోయింది.

మాస్టారు మిషను స్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. పెళ్లీ గిళ్లీ లేదు. చర్చి కాంపౌండులో ఒక గది, హాస్టలు నుంచి క్యారేజీ, అంతే సంసారం. సుగరు జబ్బు వచ్చి రెండు కళ్లూ తీసుకుపోయింది. సుజానాది డుంబ్రిగుడ అవతల కొండ. ఆ హాస్టల్లోనే పెరిగి, ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకుని, ఇప్పుడు చర్చి ఆఫీసులో టైపు పని చేస్తోంది. ఎనిమిదేళ్లుగా ఆయనకి కళ్లు ఆమే. పొద్దున పేపరు, మధ్యాహ్నం బైబిలు, వచ్చే ఉత్తరాలు, పోయే ఉత్తరాలు, అన్నీ ఆమె నోటి మీదుగా నడవాల్సిందే. చదువులో ఒత్తు జారిందా, మాస్టారు "మళ్లీ" అనేవారు. సరిగ్గా వచ్చేదాకా అదే మాట, మళ్లీ, మళ్లీ. 'ఎవరు' అనడానికి 'ఎవులు' అనీ, 'ఏమిటి' అనడానికి 'ఏటి' అనీ అన్న ప్రతి గుంటనీ గుంటడినీ బెంచీ ఎక్కించిన ఘనులు మరి.

ఆ ఘనత కిందే ఒక పాపం కూడా ఉంది. లాజరస్ అని, ఆయన కన్నా ఆరేళ్లు చిన్న, కొండ మనిషి, అదే బడిలో ఒకటో తరగతికి చెప్పేవాడు. ఇద్దరూ ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకున్నవాళ్లు. లాజరస్ పిల్లలకి ఏ మాటైనా ముందు వాళ్ల ఇళ్లలో మాట్లాడే ఒడియాలో చెప్పి, ఆ తర్వాత తెలుగులోకి తెచ్చేవాడు. అలా చెబుతుండగా ఒక రోజు హెడ్మాస్టరు గారు తరగతిలోకి వచ్చి, నలభై మంది పిల్లలు చూస్తుండగా అతని చేతిలో సుద్దముక్క లాక్కున్నారు. నీకే తెలుగు రాదు, వీళ్లకేం నేర్పుతావు అన్నారు. లాజరస్ ఆ వారమే పెట్టె సర్దుకుని పార్వతీపురంలో వేరే బడికి వెళ్లిపోయాడు. ఇరవై రెండేళ్లు ఈయన అతనికి రాయలేదు, అతను ఈయనకి రాయలేదు.

కళ్లు ఉన్నన్నాళ్లూ మాస్టారికి ఆ సుద్దముక్క గుర్తుకు రాలేదు. కళ్లు పోయి కూర్చున్నాక గుర్తొచ్చింది, వచ్చాక వదల్లేదు. 2007 జూలై నాలుగో తేదీన సుజానాని పక్కన కూర్చోబెట్టుకుని, మూడు కాగితాలు చింపించి, నాలుగో కాగితం మీద రాయించారు. తప్పు నాది తమ్ముడూ, మన్నించానని ఒక్క ముక్క రాస్తే చాలు, ఇంకేమీ అడగను. అదీ ఉత్తరం. కవరు అంటించి ఇవాళే వేసెయ్యి అని చేతిలో పెట్టారు.

సుజానా దాన్ని బ్యాగులో పెట్టుకుని మర్చిపోయింది. హాస్టల్లో పిల్లలకి మలేరియా అనీ, ఎడతెరిపి లేని వాన అనీ ఎన్నయినా చెప్పుకోవచ్చు గానీ మర్చిపోయింది అన్నదే నిజం. ఇరవై ఏడో తేదీన గొడుగు కోసం బ్యాగులో చెయ్యి పెడితే కవరు తగిలింది. వానలో పరుగెత్తుకెళ్లి పోస్టులో పడేసి వచ్చింది. వేశావా అని మాస్టారు అడిగిన రోజే ఆలోచించకుండా వేసేశానని అనేసి ఉంది కాబట్టి, కొత్తగా చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండు వారాలకి కవరు తిరిగొచ్చింది. అడ్రసు మనిషి చనిపోయాడని దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది. ఎస్టీడీ బూతు నుంచి పార్వతీపురం చర్చికి ఫోను చేస్తే, లాజరస్ గారా, పాపం జూలై పంతొమ్మిదిన గుండె ఆగి పోయారమ్మా అన్నారు. సుజానా బూతులో నిలబడే వేళ్ల మీద లెక్క వేసింది. రాయించిన మర్నాడు వేసి ఉంటే ఉత్తరం అందాక కూడా ఆ మనిషికి పది రోజులు మిగిలేవి. మన్నించాను అని ఒక ముక్క రాయడానికి పది రోజులెందుకు, ఒక పూట చాలు.

అప్పటికి మాస్టారు కామెర్లతో మంచాన ఉన్నారు. పొద్దున లేస్తే ఒకటే ప్రశ్న, లాజరస్ రాశాడా అని. మనసు కలతపెట్టే కబుర్లేవీ చెప్పొద్దని డాక్టరు అన్నాడు. ఆ మాట ఊతంగా దొరికింది సుజానాకి. ఒక పూట వచ్చిందండీ అనేసింది. చేతిలో ఉన్నది మిరియాల పాదులకి ఎరువు ఎప్పుడెప్పుడు వెయ్యాలో చెప్పే కరపత్రం. దాన్నే సర్రున విప్పి, "అన్నా, ఎప్పుడో మన్నించాను. నువ్వు కులాసాగా ఉండు" అని చదివింది. మళ్లీ ఉత్తరం రాయమంటారేమోనని, కూతురి దగ్గరికి ఒరిస్సా వెళ్లిపోతున్నాను, అడ్రసు కుదిరాక రాస్తాను అని కూడా చేర్చింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, అతికింది. మాస్టారు గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చారు. ఆ కాగితం అడిగి తీసుకుని బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టుకున్నారు. వారంలో మంచం దిగారు.

దయ తలిచి చేశానని సుజానా తనకి తను చెప్పుకుంది. దయ కాదు. పోయాడని చెబితే ఎప్పుడు పోయాడని అడుగుతారు, ఎప్పుడని తెలిస్తే ఉత్తరం ఎప్పుడు వేశావని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న అంటే భయం. పైకి దయ లాగే ఉంటుంది కాబట్టి ఎవరూ కనిపెట్టలేరు, లోపల ఉన్నవాళ్లకి మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

అలా రెండేళ్లు గడిచాయి. 2009 జూన్‌లో విశాఖపట్నం నుంచి ఎడ్విన్ అనే ఆయన వచ్చాడు. చూపులేనివాళ్ల సంఘంలో పని చేస్తాడు, తనకీ సగం చూపే. ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటరు మాస్టారి గదిలో పెట్టి, అందులో చదివే ప్రోగ్రామ్ వేశాడు. తెర మీద ఏముంటే అది పైకి చదువుతుంది, ఏ కీ నొక్కితే ఆ కీ పేరు చెబుతుంది అన్నాడు. ప్రెస్సువాళ్లు వాడే పాత డీటీపీ అక్షరాలు దానికి అర్థం కావనీ, యూనికోడ్‌లో కొట్టినవైతేనే చదువుతుందనీ సుజానాకి నేర్పాడు.

మొదటిసారి దాని తెలుగు విని మాస్టారు మొహం చిట్లించారు. ఒత్తులు మింగుతూ, ఆగకూడని చోట ఆగుతూ, అప్పుడే కొండ దిగిన గుంటడు ఒకటో తరగతి వాచకం చదివినట్టు చదివింది. దీన్ని బెంచీ ఎక్కించాలయ్యా అన్నారు. అన్నారే గానీ ఆ పూట నుంచి దాన్ని వదిలితే ఒట్టు. ఒకరి తీరిక కోసం కాచుకోకుండా, ఇంకో పేజీ చదవమ్మా అని బతిమాలకుండా, తనంతట తను చదువుకోవడం. ఆ మొహంలో వెలుగు చూసి సుజానాకీ కళ్లు చెమర్చాయి, అదీ అబద్ధం కాదు.

వెళ్లే ముందు ఎడ్విన్‌ని మాస్టారు ఒక మాట అడిగారు, చేతిరాత చదువుతుందా అని. చదవదండీ, ఎవరైనా కొట్టిపెట్టాలి అన్నాడు. అయితే మన సుజానా ఉందిగా అంటూ మాస్టారు బైబిలు తెరిచి, కీర్తనల దగ్గరి కాగితం తీసి ముందుకి చాచారు. లాజరస్ ఉత్తరం ఇందులో కొట్టిపెట్టు, నిన్ను మాటిమాటికీ విసిగించక్కర్లేదు అన్నారు. ఎడ్విన్ తల ఇటు తిప్పేలోపు సుజానా ఆ కరపత్రాన్ని లాక్కున్నంత పని చేసింది.

నోటితో ఆడిన అబద్ధం గాలికి పోయింది. ఇప్పుడదే వేళ్లతో ఆడాలి. మిరియాల పాదుల బొమ్మ పక్కన పెట్టుకుని సుజానా కొట్టడం మొదలెట్టింది. కీ నొక్కినప్పుడల్లా మిషను ఆ అక్షరాన్ని పైకి పలికింది. మ అంది, న అంది, ని అంది. మాస్టారు పక్కనే కుర్చీలో కూర్చుని ప్రతి అక్షరానికీ తలాడించారు, అయ్యాక కాగితం అడిగి మళ్లీ బైబిల్లో పెట్టుకున్నారు.

ఇక ఆనాటి నుంచి రోజూ భోజనాల తర్వాత అదే. ఆఫీసు కిటికీ, మాస్టారి కిటికీ ఎదురెదురు. అన్నా. ఎప్పుడో. మన్నించాను. అని ఆ బండ గొంతు వినబడగానే సుజానా లేచి బోరింగు దగ్గరికి పోయి, కడిగిన గ్లాసునే మళ్లీ కడిగేది. చెప్పేద్దామని రెండుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్లింది. ఒకసారి ఆయన పాట పాడుకుంటున్నారు, ఇంకోసారి నిద్రపోతున్నారు. పాడుతున్నా నిద్రపోతున్నా చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, తేలుకుట్టిన దొంగ మాత్రం వెనక్కి తిరుగుతాడు. డిసెంబరులో చర్చికి డెబ్బై ఐదేళ్ల పండగ ఉంది, అది అయిపోయాక చెబుదాంలే అనుకుంది.

ఆ పండగే కొంప ముంచింది. పాస్టరు గారు కొత్తగా వచ్చినవారు, ఉత్సాహం ఎక్కువ. పండగకి పుస్తకం వెయ్యాలనీ, అందులో పాత టీచర్లందరి పేర్లూ ఉండాలనీ నాలుగు ఊళ్లకి ఫోన్లు చేసి జాబితా తయారుచేశారు. ముప్పై ఒక్క పేర్లు. అందులో పది పేర్ల ముందు కీ.శే. అని ఉంది. సుజానా ఉన్నది ఉన్నట్టే కొట్టింది. మాస్టారికి ఎలాగూ లాజరస్ ముందున్నది తీసేసి వేరే కాపీ ఇద్దామని ఆమె ఆలోచన. ఆమె ఆలోచిస్తుండగానే పాస్టరు గారు ఆ ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని పోయి మాస్టారి కంప్యూటర్లో పెట్టేశారు. తప్పులు పట్టడానికి ఈ చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్లు లేరన్నారు. మాస్టారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది. సుజానా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి.

"కొన్ని పేర్ల ముందు ఇది కీ, శే అంటోంది. ఏమిటమ్మా అది?" అన్నారు మాస్టారు.

కాగితం మీద కంటికి కనబడితే పసివాడైనా పోల్చుకునే మాటే. పైకి చదివే మనిషెవరూ దాన్ని కీ, శే అని చదవరు, కీర్తిశేషులు అనే చదువుతారు. మిషనుకి ఆ మర్యాద తెలియదు. చుక్క ఉన్న చోటల్లా ఆగి, చనిపోయినవాళ్ల గౌరవాన్ని రెండు ముక్కలు చేసి పారేసింది. చూపున్నన్నాళ్లూ కళ్లతో చదివిన ఆ పొట్టి మాటని మాస్టారి చెవి పోల్చుకోలేదు.

"అది కీబోర్డు కీ మాస్టారూ. కొట్టినప్పుడు ఏదో కీ నొక్కుకుపోయుంటాది, దాని పేరు చెప్తోంది" అంది.

ఓహో, కీ అంటే ఆ కీయా, నేనింకా ఏ పాత కావ్యంలో పదమో అనుకున్నానే అని మాస్టారు నవ్వారు. సుజానా కూడా నవ్వింది. బయటికొచ్చి మెట్టు మీద కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్లగానే గదిలోకి దూరింది. కీ నొక్కితే అరుస్తుంది కాబట్టి ముందు స్పీకరు బిళ్ల తిప్పి నోరు మూయించింది. లాజరస్ పేరు ముందున్న ఆ రెండక్షరాలూ, ఆ రెండు చుక్కలూ తీసేసింది. స్పీకరు మళ్లీ తిప్పి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. తెలివి పనిచేసేవాళ్లయితే పది చోట్లా తీసేసి ఉందురు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈ పిల్ల తనకి తగిలేది ఒక్కటే తీసింది.

ఆ మర్నాడు మాస్టారు పిలవలేదు. ఆమే పేపరు పట్టుకుని వెళ్లింది. మిషను ఆపేసి ఉంది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు, ఒళ్లో బైబిలు ఉంది. పేపరు వద్దు, కూర్చో అన్నారు.

"నిన్న నీ మిషను లాజరస్‌ని చంపింది. ఇవాళ నువ్వు బతికించావు. ఏది నమ్మమంటావు?"

ఆయనే నెమ్మదిగా చెప్పుకొచ్చారు. కీబోర్డు కీ పది పేర్ల ముందే ఎందుకు నొక్కుకుపోవాలన్నది సాయంత్రం నడుస్తుంటే తట్టిందట. గాబ్రియేలుకి ఉంది, గాబ్రియేలు శవపెట్టె మోసింది తనే. సంసోను మాస్టారికి ఉంది, ఆయన సమాధి మీద మన్ను వేసింది తనే. తన పేరు ముందు లేదు. అప్పుడు గానీ కీర్తిశేషులు అన్న మాట చెవిలో అతకలేదట. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, ఇంత ఆలస్యమైంది చూడు అన్నారు. లాజరస్ ముందున్నది టైపు తప్పేమోనని మనసుకి సర్దిచెప్పుకుని, తెల్లారాక మళ్లీ వినిపించుకున్నారు. తొమ్మిది చోట్ల కీ, శే ఉంది. లాజరస్ దగ్గర మాత్రం లేదు. తప్పయితే పాస్టరు గారు దిద్దాలి, అడక్కుండా దిద్దిందెవరు?

"నీ నోటితో చెప్పు" అన్నారు.

"పోయారు మాస్టారూ. రెండేళ్లయింది."

"మరి ఇందులో ఉన్నది?" బైబిలు మీద చెయ్యి పెట్టారు.

"అది మిరియాల పాదుల కాగితం. ఉత్తరం నేనే కల్పించి చదివాను."

మాస్టారు కీర్తనల దగ్గర కాగితం తీశారు, వేళ్లతో అటూ ఇటూ తడిమారు, రెండేళ్లుగా తడిమి తడిమి దాని మడతలు బట్టలా మెత్తబడిపోయి ఉన్నాయి. దాన్ని టేబులు మీద పెట్టేశారు.

"అయితే నన్ను మన్నించింది ఎవులు?"

ఎవులు. ముప్పై ఏళ్లు పిల్లల నోళ్లలోంచి బెత్తంతో పీకేసిన మాట ఆయన నోట్లోంచే వచ్చింది, వచ్చినట్టు ఆయనకి తెలిసినట్టు కూడా లేదు. సుజానా నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ ప్రశ్నకి ఎవరూ కాదు అన్నది ఒక్కటే జవాబు.

ఏడుపు తగ్గేదాకా ఆగి, మరి నా ఉత్తరమేమైంది అని అడిగారు, తిరిగొచ్చిందంటే ఆ కవరు పారేశావా అన్నారు. పారెయ్యలేదు, హాస్టల్లో తన ట్రంకు పెట్టె అడుగున చీరల కింద ఉంది. తెమ్మన్నారు. తెచ్చింది.

"సదువు. మిషను సదివినట్టు సదువు. ఏటీ కలపకు, ఏటీ వదలకు. కవరు మీంచి మొదలెట్టు."

సుజానా అడ్రసు చదివింది. ఎర్ర సిరాతో ఉన్నది చదివింది. దాని పక్కనే పోస్టాఫీసు ముద్ర ఉంది. మసకబారింది, సగం చెరిగింది. వదిలేస్తే అడిగేవాళ్లు లేరు. ఎడ్విన్ మిషను దీన్ని చదవలేదు, పాస్టరు గారి జాబితాలో ఇది లేదు, ఈ లోకంలో దీన్ని చదవగలిగిన మనిషి తనొక్కతే. ఆయన మొహం వైపు చూసింది. ఎనిమిదేళ్లుగా ఎలా పెడతారో అలాగే, చెవి కొంచెం ఇటు వంచి, తన నోటి కోసం కాచుకుని ఉన్నారు.

"అరకు ముద్ర. ఇరవై ఏడు, ఏడు, రెండువేల ఏడు" అని చదివింది.

కవరు చించి కాగితం విప్పింది. పైన తేదీ ఉంది. జూలై నాలుగు అని చదివింది.

మాస్టారి వేళ్లు కుర్చీ చేతి మీద ఒకటొకటిగా కదిలాయి, లెక్క పెట్టినట్టు. లాజరస్ ఎప్పుడు పోయాడు అని అడిగారు. పంతొమ్మిదిన అంది. కిందుగా కిరండోల్ పాసింజరు రైలు కూతేసుకుంటూ పోయింది.

"నా బ్యాగులో ఉండిపోయింది మాస్టారూ. మర్చిపోయాను. అదే దాచాను, మిగతాదంతా దాని కోసమే" అంది సుజానా. అడక్కుండా చెప్పిన మొదటి నిజం అదే.

పర్వాలేదు అంటారేమోనని లోపల ఎక్కడో ఆశ ఉంది. అనలేదు. తిడితే బాగుండునని ఉంది. తిట్టనూ లేదు. మొహం కిటికీ వైపు తిప్పుకుని, ఎండ తగులుతున్న చెంపని చేత్తో ఒకసారి తుడుచుకున్నారు.

"ముందుకి సదువు" అన్నారు.

"ప్రియమైన లాజరస్‌కి..."

మాస్టారు చెయ్యెత్తారు. సుజానా ఆగిపోయింది.

"అలా కాదు. ముందు అది పెట్టి సదువు."

ఏది పెట్టాలో ఆమెకి తెలుసు. రెండేళ్లుగా నాలుక చివర దాకా వచ్చి వెనక్కి పోయిన మాట. కాగితం రెండు చేతులా పట్టుకుని నోరు తెరిచింది. కీ అని ఆగిపోయింది. ఊపిరి తీసుకుని శే అంది.

"మళ్లీ" అన్నారు మాస్టారు.

"కీర్తిశేషులు లాజరస్ గారికి" అని చదివింది సుజానా, ఒక్క అక్షరమూ మింగకుండా.